రెండూ నీలం పాస్‌పోర్టులే – ఉంచుకునేది ఒక్కటే!

మిల్టన్ కీన్స్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే మాటలు తిరిగే దారులు మూడే. మొదటిది ఇళ్ళ ధరలు. రెండోది పిల్లల చదువులు. బకింగ్‌హమ్‌లోని రాయల్ లాటిన్ స్కూల్లో సీటు రావాలంటే లెవెన్ ప్లస్ ట్యూషన్ ఏ క్లాసు నుంచి మొదలుపెట్టాలి అన్న చర్చ. ఇక మూడోది, ఉగాది పచ్చడి పంచుతున్నా, దీపావళి భోజనాల లైనులో నిలబడ్డా తప్పకుండా వినపడే ప్రశ్న: “మీరు పాస్‌పోర్టు మార్చేశారా, ఇంకా ఇండియన్ మీదే ఉన్నారా?”

నేను ఈ దేశానికి 2005లో వచ్చాను. అప్పటి నుంచి ఈ ప్రశ్న కనీసం వంద సార్లు విని ఉంటాను. జవాబుగా వినపడే మాటల్లో సగం నిజం, సగం పుకారు. “పాస్‌పోర్టు మారిస్తే పొలం పోతుందట”, “ఓ.సి.ఐ. ఉంటే డ్యూయల్ సిటిజన్‌షిప్ ఉన్నట్టేనట”, “ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే ఇక్కడ ఓటు లేదట”... ఈ ‘అట’లన్నీ పక్కన పెట్టి, తెలిసినంతవరకు సంగతులన్నీ ఒకచోట రాద్దామని ఈ ప్రయత్నం. నేను లాయర్ని కాను, కంప్యూటర్లతో బతికేవాణ్ణి. అందుకని కొంచెం ఫ్లోచార్టు గీసినట్టే చెబుతాను.

‘రెండో’ అన్న మాట దగ్గరే తిరకాసు

పత్రికల్లో ‘రెండో పాస్‌పోర్టు పొందండి’ అనే ప్రకటనలు చూస్తుంటాం. పాకిస్తానీ, నైజీరియన్, అమెరికన్ సహోద్యోగులు జేబులో రెండు పాస్‌పోర్టులు పెట్టుకుని తిరుగుతారు. బ్రిటన్ చట్టానికి దాంతో పేచీ లేదు. మీకు ఇంకో పౌరసత్వం ఉందా, ఉంచుకుంటారా, వదులుకుంటారా అన్నది బ్రిటన్‌కు అనవసరం.

పేచీ అంతా మన వైపే ఉంది. 1955 నాటి భారత పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ఒక భారతీయుడు తన ఇష్టంతో వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. మనం రాజీనామా రాసి ఇవ్వక్కర్లేదు, వాళ్ళు ఆమోదించక్కర్లేదు. పాత పాస్‌పోర్టు బీరువాలో ఉన్నా, దాని మీద ఇంకా ఏడేళ్ళ గడువు ఉన్నా, అది చెల్లని కాగితమే.

కాబట్టి మనకు సంబంధించినంతవరకు ‘రెండో పాస్‌పోర్టు’ అనేది లేదు. ఉన్నది మారకం. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం. 2020లో బ్రిటిష్ పాస్‌పోర్టు ఎర్ర రంగు వదిలి నీలంలోకి మారాక, పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల ఉన్న హక్కులు మాత్రం ఒకటి కాదు.

మా బ్యాచ్ కథ

నేను వచ్చింది హెచ్.ఎస్.ఎం.పి. మీద. 2002 జనవరిలో మొదలైన పథకం అది. చదువుకు ఇన్ని పాయింట్లు, అనుభవానికి ఇన్ని, జీతానికి ఇన్ని అని కలిపి, లెక్క సరిపోతే కంపెనీ స్పాన్సర్ లేకుండానే వచ్చి పని వెతుక్కోవచ్చు. ఎం.సి.ఎ.లు, ఎం.టెక్.లు చేసిన మన కుర్రాళ్ళు ఎంతోమంది అలా వచ్చినవాళ్ళే. నాలుగేళ్ళు ఉంటే శాశ్వత నివాసం, అంటే ఐ.ఎల్.ఆర్. వస్తుందన్నది అప్పటి మాట.

2006 ఏప్రిల్ 3న ఆ నాలుగేళ్ళు ఐదయ్యాయి. అదే ఏడాది నవంబర్లో పాయింట్ల లెక్క కూడా మారింది. ఆ మార్పు కొత్తగా వచ్చేవాళ్ళకే కాకుండా, అప్పటికే ఇక్కడికొచ్చి ఇల్లు పెట్టుకున్నవాళ్ళకూ వర్తిస్తుందన్నారు. ఆట సగంలో రూల్సు మారినట్టయింది. అప్పుడు హెచ్.ఎస్.ఎం.పి. ఫోరం అనే సంస్థ హైకోర్టుకెక్కింది. ముందు వచ్చినవాళ్ళకు మారిన పాయింట్లు రుద్దడం అన్యాయమని 2008 ఏప్రిల్ 8న ఒక తీర్పు, ముందు వచ్చినవాళ్ళకు నాలుగేళ్ళ మాట నిలబెట్టాలని 2009 ఏప్రిల్లో ఇంకో తీర్పు వచ్చాయి. నాకు ఐ.ఎల్.ఆర్. 2009లో వచ్చింది.

ఈ పాత కథ ఎందుకంటే, ఇప్పుడు వచ్చిన కొత్త తరం సరిగ్గా అదే ఆందోళనలో ఉంది. 2025 మేలో ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం, సెటిల్‌మెంట్‌కు మామూలు గడువును ఐదేళ్ళ నుంచి పదేళ్ళకు పెంచాలని ప్రతిపాదించింది. అదే ఏడాది నవంబర్లో వివరాలతో ప్రజాభిప్రాయ సేకరణ మొదలుపెట్టారు. అప్పటికే ఇక్కడ ఉన్నవాళ్ళ సంగతేమిటన్నదే అందరి నోటా వినిపించిన ప్రశ్న. మా బ్యాచ్ నేర్చుకున్న పాఠం ఒక్కటే. ఈ దేశంలో గడువులు, ఫీజులు, నిబంధనలు మారుతూనే ఉంటాయి. అర్హత వచ్చిన రోజున ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకుని, ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అనకుండా నిర్ణయం తీసుకోవాలి.

ఖర్చు కూడా చిన్నదేమీ కాదు. 2025 ఏప్రిల్లో పెరిగిన లెక్క ప్రకారం ఐ.ఎల్.ఆర్. దరఖాస్తు ఒక్కొక్కరికి 3,029 పౌండ్లు. పౌరసత్వం దరఖాస్తు, ప్రమాణ కార్యక్రమం ఫీజు కలిపి పెద్దవాళ్ళకు 1,735 పౌండ్లు. వీసా మీద ఉన్నన్నాళ్ళూ కట్టే హెల్త్ సర్‌చార్జి, 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 1,035 పౌండ్లు, దీనికి అదనం. భార్యాభర్తలిద్దరికీ లెక్క వేసుకుంటే ఒక మోస్తరు కారు కొనుక్కోవచ్చు.

రోజుల లెక్క

ఐ.ఎల్.ఆర్. వచ్చాక సాధారణంగా మరో పన్నెండు నెలలు ఆగి పౌరసత్వానికి దరఖాస్తు చేస్తారు. బ్రిటిష్ పౌరుణ్ణి గానీ పౌరురాలిని గానీ పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఆ ఏడాది ఆగనక్కర్లేదు. వాళ్ళకు ఐదేళ్ళ నివాసం బదులు మూడేళ్ళు చాలు.

అసలు చిక్కు రోజుల లెక్కలో ఉంటుంది. గడిచిన ఐదేళ్ళలో దేశం బయట ఉన్న రోజులు 450 దాటకూడదు. మూడేళ్ళ దారిలో అయితే 270. రెంటిలోనూ ఆఖరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు. ఇంకో చిన్న మెలిక ఉంది. దరఖాస్తు వాళ్ళకు అందిన తేదీకి సరిగ్గా ఐదేళ్ళ (లేదా మూడేళ్ళ) క్రితం అదే రోజున మీరు ఈ దేశంలో ఉండి తీరాలి. ఆ రోజు మీరు తిరుమలలో క్యూ కాంప్లెక్సులో ఉన్నారనుకోండి, దరఖాస్తు తేదీ మార్చుకోవాల్సిందే. బోర్డింగ్ పాసులు, ఈమెయిల్ టికెట్లు చూసి ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేసుకోండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఆ మాత్రం కష్టం కాదు.

‘లైఫ్ ఇన్ ద యు.కె.’ పరీక్షలో 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు. 18 సరైతే పాస్. పౌరసత్వానికి ఇది 2005 నవంబర్ నుంచీ, ఐ.ఎల్.ఆర్.కు 2007 ఏప్రిల్ నుంచీ తప్పనిసరి. ఎనిమిదో హెన్రీకి ఎంతమంది భార్యలో, ఎవరి తల తీయించాడో బట్టీ పట్టడం మనకు కొత్తేమీ కాదు. ఇంటర్లో ఇంతకన్నా ఎక్కువే పట్టాం.

సంతకం పెట్టడానికి ఇద్దరు రిఫరీలు కావాలి. ఒకరు వృత్తి నిపుణులు, ఇంకొకరు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు. చుట్టాలు పనికిరారు.

‘మంచి నడవడిక’ అనే షరతు దగ్గర కాంట్రాక్టర్లు కాస్త ఆగి ఆలోచించాలి. స్పీడింగ్ జరిమానా ఒకటి వచ్చి, కట్టేసి ఉంటే అది సాధారణంగా అడ్డం కాదు. దాచడం అడ్డం. పన్ను శాఖకు చెప్పిన ఆదాయం, వీసా దరఖాస్తులో రాసిన ఆదాయం ఒకటి కాకపోతే చాలా పెద్ద అడ్డం. 2018 ప్రాంతంలో ఈ తేడా చూపించి ఎంతోమంది వృత్తి నిపుణులకు ఐ.ఎల్.ఆర్. నిరాకరించారు. నిజాయితీ లేనివాడన్న ముద్ర వేసేముందు మనిషికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 2019 ఏప్రిల్లో అప్పీలు కోర్టు తేల్చింది. సొంత లిమిటెడ్ కంపెనీ నడిపే మిత్రులు అకౌంటెంట్ మీద వదిలేయకుండా రెండు అంకెలూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది.

ప్రమాణం చేసిన నిమిషం

2004కు ముందు పౌరసత్వ పత్రం పోస్టులో వచ్చేది. ఆ ఏడాది ఫిబ్రవరి 26న లండన్‌లోని బ్రెంట్‌లో తొలి పౌరసత్వ సభ జరిగింది. ఇప్పటి రాజు, అప్పటి యువరాజు ఛార్లెస్ దానికి హాజరయ్యారు. అప్పటి నుంచీ దేశమంతటా ఇదే పద్ధతి. ఆహ్వానం అందిన మూడు నెలల్లోపు వెళ్ళాలి.

నాది 2011లో మిల్టన్ కీన్స్‌లోనే జరిగింది. నా పక్కన ఘనా దంపతులు, అటుపక్క ఒక శ్రీలంక నర్సు. దేవుడి మీద ప్రమాణం చేసేవాళ్ళు ఒక పాఠం, వద్దనుకునేవాళ్ళు ఇంకో పాఠం చదువుతారు. రాణిగారికి, ఆవిడ వారసులకు విధేయుడినై ఉంటానని చదివాను. ఇప్పుడు రాజుగారి పేరు చదువుతారు. జాతీయ గీతం, ఫొటో, టీ, బిస్కెట్టు. మొత్తం అరగంట.

ఆ అరగంటలో ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ప్రమాణం పూర్తి కాగానే మన భారత పౌరసత్వం ముగుస్తుంది. ఆ మర్నాడు ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. బ్రిటిష్ పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి. అది వచ్చాక పాత పాస్‌పోర్టు రద్దుకు ఇచ్చి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటేనే ఓ.సి.ఐ. వస్తుంది. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఇండియాలో పెళ్ళి ఉన్నా, ఇంకేదైనా కబురొచ్చినా వెంటనే వెళ్ళడం కష్టం. పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగులేనప్పుడు ఈ పని పెట్టుకోవద్దని నా సలహా.

ఓ.సి.ఐ. – పేరులోనే పౌరసత్వం

ప్రవాసులకు జంట పౌరసత్వం ఇవ్వాలని ఎల్.ఎం. సింఘ్వీ కమిటీ 2002 జనవరిలో సిఫార్సు చేసింది. చివరికి వచ్చింది ఓ.సి.ఐ. కార్డు. మన తెలుగువాళ్ళకు ఒక ముచ్చట: 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓ.సి.ఐ. పత్రాలు అందజేశారు.

పేరులో ‘సిటిజన్’ ఉంది కాబట్టి పౌరసత్వమే అనుకుంటారు చాలామంది. కాదు. అది జీవితకాలపు వీసా. ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఓటు లేదు, పదవి లేదు, సర్కారు కొలువు సాధారణంగా లేదు. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం పరిశోధన, జర్నలిజం లాంటి పనులకు ప్రత్యేక అనుమతి కావాలి. నీట్, జె.ఇ.ఇ. లాంటి పరీక్షల్లో ఎన్.ఆర్.ఐ. సీట్లకే పోటీ పడాలి. ఈ సీట్ల నిబంధన అప్పటికే కార్డు ఉన్న పిల్లలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల్ని ఇండియాలో మెడిసిన్ చదివించాలనుకునేవాళ్ళు కార్డు మీద తేదీ చూసుకోండి.

పౌరసత్వానికి, వీసాకు తేడా ఏమిటో 2020లో మా ఇంట్లోనే తెలిసొచ్చింది. కరోనా వల్ల ఆ ఏడాది మార్చి 13 నుంచి ఓ.సి.ఐ. కార్డుల మీద ప్రవేశం నిలిపేశారు. ఏప్రిల్లో తెనాలిలో మా అమ్మ జారిపడి తుంటి విరిగింది. నాన్న అప్పటికే లేరు. పనిమనిషి కూడా రాలేని రోజులు. మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు వాటిలో సీటు భారత పౌరులకే. నాకు లేదు. మా ఆవిడ పాస్‌పోర్టు ఇండియన్‌దే కావడం వల్ల తను హైదరాబాద్ విమానం ఎక్కింది. క్వారంటైన్ పూర్తి చేసుకుని, పాస్ సంపాదించి, తెనాలి చేరి మా అమ్మ మంచం పక్కన నాలుగు నెలలు ఉంది. కన్నకొడుకు వాట్సాప్‌లో ఉన్నాడు, కోడలు పక్కనుంది. కుటుంబ అత్యవసరాల కోసం మే 22న కొందరు ఓ.సి.ఐ.లకు సడలింపు ఇచ్చారు, తర్వాత మిగిలినవీ తొలగిపోయాయి. కానీ ఆ వారాలు మాత్రం నాకు మరపురావు. ‘లైఫ్ లాంగ్’ అని అచ్చు వేసిన కార్డును ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఆపగలదు. సొంత పౌరుణ్ణి మాత్రం శాశ్వతంగా గుమ్మం బయట నిలబెట్టలేదు.

పాస్‌పోర్టు, పాస్‌బుక్

నేను పౌరసత్వం మార్చుకుంటున్నానని చెప్పినప్పుడు నాన్న అడిగింది ఒక్కటే: “పాస్‌పోర్టు మార్చుకుంటే మార్చుకో గానీ, పొలం పాస్‌బుక్ సంగతేమిటి నాన్నా?” మన గుంటూరు, కృష్ణా, గోదావరి, కరీంనగర్ వాళ్ళ ఇళ్ళలో ఇదే అసలు ప్రశ్న.

జవాబు చాలామంది అనుకున్నట్టు ఉండదు. ఫెమా నిబంధనల ప్రకారం ఓ.సి.ఐ. ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్.ఆర్.ఐ. కూడా కొనకూడదు! కాబట్టి ‘పొలం కొనుక్కోవాలి, అందుకే పాస్‌పోర్టు మార్చలేదు’ అనే మాటలో పస లేదు. మనం ఇక్కడ స్థిరపడి ఉన్నంతకాలం పాస్‌పోర్టు ఏదైనా కొనుగోలు కుదరదు. తేడా తిరిగి వెళ్ళి అక్కడ స్థిరపడినప్పుడు వస్తుంది. భారత పౌరుడు మళ్ళీ కొనుక్కోవచ్చు.

వారసత్వం మాత్రం ఇద్దరికీ వస్తుంది. తాతల నాటి మాగాణి పాస్‌పోర్టు మారినంత మాత్రాన పోదు. కానీ ఇక్కడో మెలిక. తండ్రి బతికుండగా ఆప్యాయంగా గిఫ్ట్ డీడ్ రాస్తే వ్యవసాయ భూమి విషయంలో అది చెల్లదు. వీలునామా ద్వారానో, సహజ వారసత్వంగానో రావాలి. అమ్మేటప్పుడు ఇండియాలో నివసిస్తున్నవాళ్ళకే అమ్మాలి. మా నాన్న ఈ సంగతి విన్న తర్వాత తెనాలి వెళ్ళి వీలునామా రిజిస్టర్ చేయించి, అప్పుడు గానీ నిద్రపోలేదు.

పన్నుల గురించి ఒక్క మాట. అమెరికాలో ఉన్న మన బంధువుల్ని అక్కడి పన్ను శాఖ పౌరసత్వం చూసి వెంటాడుతుంది. బ్రిటన్ అలా కాదు, నివాసం చూస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి వారసత్వపు పన్ను కూడా నివాసం మీదే ఆధారపడింది. గత ఇరవై ఏళ్ళలో పదేళ్ళు ఇక్కడ ఉన్నవాళ్ళ విదేశీ ఆస్తులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇండియన్ పాస్‌పోర్టు ఉంచుకున్నంత మాత్రాన తప్పించుకోలేం. ఆస్తులున్నవాళ్ళు రెండు దేశాల చట్టాలూ తెలిసిన నిపుణుణ్ణి కలవండి.

ఓటు సంగతి

‘ఇక్కడ ఓటు వేయాలి కదా, అందుకే మార్చుకున్నా’ అనేవాళ్ళను చూశాను. అవసరం లేదు. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే, పార్లమెంటు ఎన్నికలతో సహా అన్నిటిలోనూ ఓటు వేయవచ్చు. పేరు నమోదు చేయించుకుంటే చాలు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడికి కూడా ఈ హక్కుంది. చాలామందికి తెలియదు.

అటు ఇండియాలో ప్రవాస భారత పౌరులకు ఓటు హక్కు 2011 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు నమోదు చేసుకుని, స్వయంగా వెళ్ళి వేయాలి. 2024లో మా ఆవిడ మా అమ్మ దగ్గర ఉండగా మే 13న తెనాలిలో ఓటు వేసింది. తిరిగొచ్చి జూలై 4న మిల్టన్ కీన్స్‌లోనూ వేసింది. రెండూ చట్టబద్ధమే. బ్రిటిష్ పాస్‌పోర్టు, ఓ.సి.ఐ. కార్డు రెండూ జేబులో పెట్టుకున్న నాకు ఒక్క ఓటు. ఒకే పాస్‌పోర్టు ఉన్న ఆవిడకు రెండు!

తిరిగి వెళ్ళాలనుకునేవాళ్ళకే ఎక్కువ అవసరం

ఇంత చెప్పాక, ‘మరి ఎందుకు మార్చుకోవాలి?’ అని మీరు అడగవచ్చు. నేను 2011లో మార్చుకున్నది ఉద్యోగం కోసం. ఆమ్‌స్టర్‌డామ్‌లో సోమవారం మీటింగ్ అంటే వీసా కోసం మూడు వారాలు తిరగాల్సిన రోజులవి. బ్రిటిష్ పాస్‌పోర్టుతో యూరప్ అంతా పనిచేసే హక్కు వచ్చింది. 2020 డిసెంబర్ 31తో ఆ హక్కు పోయింది. ఐర్లండ్ మాత్రం మిగిలింది. వీసా లేకుండా తిరిగే సౌకర్యం ఇంకా ఉంది గానీ, పనిచేసే హక్కు వేరు, తిరిగే హక్కు వేరు.

ఇప్పుడు మిగిలిన అసలు కారణం వేరే. ఐ.ఎల్.ఆర్.ను ‘శాశ్వత నివాసం’ అంటాం. కానీ ఏకబిగిన రెండేళ్ళకు మించి దేశం బయట ఉంటే అది పోతుంది. పౌరసత్వం అలా పోదు. అంటే ఏమిటి? ఇక్కడే ఉండిపోదామనుకునేవాళ్ళకు ఐ.ఎల్.ఆర్. చాలావరకు సరిపోతుంది. ‘అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళి నాలుగేళ్ళు ఉందాం, తర్వాత పిల్లల దగ్గరికి వద్దాం’ అనుకునేవాళ్ళకే బ్రిటిష్ పౌరసత్వం కావాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఇండియా వెళ్ళి ఉండగలిగే ధైర్యం మనకు బ్రిటిష్ పాస్‌పోర్టే ఇస్తుంది.

మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. అప్పటికి మాకు ఐ.ఎల్.ఆర్. ఉంది కాబట్టి పుట్టుకతోనే బ్రిటిష్ వాళ్ళు. (తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి పౌరసత్వమో, శాశ్వత నివాసమో లేకపోతే ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు.) అందుకని మేమిద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. నాది బ్రిటిష్, ఆవిడది ఇండియన్ ప్లస్ ఐ.ఎల్.ఆర్. రెండు ఇళ్ళకూ తాళంచెవులు ఇంట్లోనే ఉండాలన్నది లెక్క. ఏ వైపు తలుపు బిగుసుకున్నా ఒకరైనా లోపలికి వెళ్ళగలగాలి. ఆవిడ కావాలనుకుంటే ఎప్పుడైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మీ ఇంటికి ఇదే సరిపోతుందని చెప్పను. కానీ భార్యాభర్తలిద్దరూ ఒకే రోజు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు.

వెనక్కి తిరగాలంటే

మన ఊళ్ళో రౌండబౌట్ దగ్గర దారి తప్పితే ఇంకో చుట్టు తిరిగి రావచ్చు. పౌరసత్వంలో అంత సులువు కాదు. దారి ఉంది. ఓ.సి.ఐ. కార్డు తీసుకుని ఐదేళ్ళయి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలో నివసించి ఉంటే మళ్ళీ భారత పౌరసత్వం కోరవచ్చు. అప్పుడు బ్రిటిష్ పౌరసత్వం వదులుకోవాలి.

ఆ పన్నెండు నెలల షరతు ఎంత గట్టిదో మన తెలంగాణ కేసే చెబుతుంది. వేములవాడ నుంచి నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన చెన్నమనేని రమేష్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. 2009లో మళ్ళీ భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు ఏడాదంతా ఆయన ఇండియాలో లేరని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. కేంద్ర హోం శాఖ 2017లో ఒకసారి, 2019లో మరోసారి పౌరసత్వం రద్దు చేసింది. 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. రాజకీయాలు మనకనవసరం. పదిహేనేళ్ళు నడిచిన ఆ వ్యాజ్యమంతా తిరిగింది రోజుల లెక్క చుట్టూనే అన్నది గుర్తుంచుకుంటే చాలు.

కొనుక్కునే పాస్‌పోర్టులు

డబ్బుంటే పాస్‌పోర్టు కొనుక్కోవచ్చంటారు. నిజమే, కరీబియన్ దీవి సెయింట్ కిట్స్ 1984 నుంచీ పెట్టుబడికి పౌరసత్వం ఇస్తోంది. కానీ ఈ దారులు ఇరుకవుతున్నాయి. సైప్రస్ 2020లో ఆపేసింది. బ్రిటన్ తన ఇన్వెస్టర్ వీసాను 2022 ఫిబ్రవరిలో మూసేసింది. మాల్టా పథకం చెల్లదని 2025 ఏప్రిల్ 29న యూరోపియన్ కోర్టు తీర్పు చెప్పింది. 2023 జూలైలో డొమినికా, వనువాటు పౌరులు వీసా లేకుండా బ్రిటన్ రావడం ఆగిపోయింది. అలా కొనుక్కున్నవాళ్ళ పాస్‌పోర్టు విలువ ఒక్క రోజులో తగ్గింది. పైగా మన 9వ సెక్షన్‌కు దీవి చిన్నదా, దేశం పెద్దదా అన్న తేడా లేదు. ఏది తీసుకున్నా భారత పౌరసత్వం పోయినట్టే.

దరఖాస్తు నింపే ముందు

చివరిగా, భోజనాల బల్ల దగ్గర భార్యాభర్తలు మాట్లాడుకోవాల్సిన ఐదు విషయాలు:

1. వచ్చే పదేళ్ళలో ఏకబిగిన రెండేళ్ళు ఇండియాలో ఉండాల్సి వస్తుందా? వస్తే కనీసం ఒకరికి బ్రిటిష్ పౌరసత్వం అవసరం.
2. అక్కడి పెద్దవాళ్ళకు ఆపద వస్తే మొదటి విమానం ఎవరు ఎక్కుతారు? ఆ మనిషి ఏ పాస్‌పోర్టుతో ఉంటే మంచిది?
3. పొలం కాగితాలు ఎవరి పేర ఉన్నాయి? వీలునామా ఉందా?
4. పిల్లల చదువు ఏ దేశంలో? ఓ.సి.ఐ. కార్డు తేదీ ఏమిటి?
5. ప్రమాణానికి, ఓ.సి.ఐ. చేతికి రావడానికి మధ్య ఉండే నెలల్లో ఇంట్లో శుభకార్యాలు, శస్త్రచికిత్సలు ఏవైనా ఉన్నాయా?

ఈ ఐదింటికీ జవాబులు రాసుకున్నాక మార్చుకున్నా మంచిదే, మార్చుకోకున్నా మంచిదే. పక్కింటివాళ్ళు మార్చుకున్నారనో, ఎయిర్‌పోర్టులో లైను చిన్నదనో మాత్రం మార్చుకోకండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సంతకం పెట్టేముందు ప్రభుత్వ వెబ్‌సైట్ మరోసారి చూసుకోండి.

మా అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. వచ్చే సంక్రాంతికి నేను ఏడాది సెలవు పెట్టి తెనాలి వెళుతున్నాను. ఏడాది రెండేళ్ళయినా, మూడేళ్ళయినా నాకు గాభరా లేదు. ఆవిడ మాత్రం క్యాలెండర్లో తేదీలు గుర్తుపెట్టుకుని నా వెనకే వస్తానంటోంది. ఈసారి ఉగాది పచ్చడి దగ్గర ఎవరైనా ఆ పాత ప్రశ్న అడిగితే, ‘మా ఇంట్లో చెరొకటి’ అని మా పెద్దబ్బాయి జవాబు చెబుతాడు.